నూట ముప్పై ఏళ్ల మక్క లెక్క
పరిశోధన పుస్తకాలు భద్రంగా ఉంటేనే రైతుకు సరైన సలహా

జె.జి.ఎల్. 1798 అంటే మన వైపు రైతుకు విడమరచి చెప్పే పని లేదు. జగిత్యాల సన్నాలు. జె.జి.ఎల్. 384 అంటే పొలాస ప్రభ. బి.పి.టి. 5204 బాపట్లది, ఎం.టి.యు. 1010 మారుటేరుది. విత్తనాల షాపుకు పోయి నంబరు చెప్పి సంచి తెచ్చుకుంటాం. ఆ అంకె ఎక్కడిదని ఎన్నడైనా ఆలోచించారా?

అది పరిశోధన స్థానం రిజిస్టరులో ఆ వంగడానికి పడ్డ నంబరు. రెండు రకాలను సంకరం చేస్తే పుట్టే మొక్కలు వందలు, వేలు. ఒక్కో వరుసకు ఒక్కో నంబరు వేస్తారు. ఏ తల్లి, ఏ తండ్రి, ఎన్ని రోజులకు ఈనింది, ఎన్ని పిలకలు వేసింది, ఉల్లికోడు తగిలిందా, గాలికి పడిందా, గింజ సన్నమా దొడ్డా అన్నీ రాస్తారు. ఏటేటా రాసుకుంటూ, పనికిరానివి తీసేసుకుంటూ పోతే చివరికి ఒకటి రెండు మిగులుతాయి. మన మడికి వచ్చేది అలా మిగిలినదే. నడుమ ఎక్కడైనా ఒక్క చీటీ మారినా, ఒక్క పుస్తకం పోయినా కొన్నేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

ఈ వారం ఎరువు గురించో పురుగు గురించో కాక, ఆ పుస్తకాల గురించి చెప్పుకుందాం. ఆఫీసు సంగతులు మనకెందుకని పేజీ తిప్పేయకండి. ఎకరాకు ఇంత నత్రజని, ఇంత భాస్వరం, ఇంత పొటాష్ అని వ్యవసాయాధికారి చెప్పే అంకె కూడా ఆ పుస్తకాల్లోంచి వచ్చిందే. పుస్తకం పోయిందంటే ఆ అంకె తప్పో ఒప్పో మళ్లీ చూసుకునే దారి మూసుకుపోయినట్లే.

ధాత కరువు నాటి మడి

అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రం ఉంది. మన దగ్గర వరి ఎట్లాగో అక్కడ మక్క అట్లా. ఎటు చూసినా మక్క చేలే. అక్కడి విశ్వవిద్యాలయం ఆవరణలో, తరగతి గదుల భవనాల నడుమ, కొన్ని మడులు ఉన్నాయి. మారో మడులు అంటారు. మారో అనే ప్రొఫెసరు పేరు మీద ఆ పేరు వచ్చింది. 1876లో మొదలు. ఇక్కడ మన పెద్దలు ధాత కరువుతో అల్లాడిన ఏడు అదే. అమెరికా మొత్తం మీద అంతకంటే పాత పంట ప్రయోగం మరొకటి లేదు.

మొదట అర ఎకరం చొప్పున పది మడులుండేవి. భవనాలు పెరిగే కొద్దీ తగ్గి ఇప్పుడు మూడు మిగిలాయి. ఒక దాంట్లో ఏటా మక్క వెనక మక్కే. రెండో దాంట్లో మక్క తర్వాత ఓట్లు వేసేవారు, 1967 తర్వాత ఓట్ల బదులు సోయా వేస్తున్నారు. మూడో దాంట్లో మక్క, ఓట్లు, ఆ తర్వాత క్లోవరు, లూసర్ను వంటి పప్పుజాతి పశుగ్రాసం. 1904 దాకా ఏ మడికీ ఏమీ వేయలేదు. ఆ ఏడు మడులను చీల్చి కొంత భాగానికి పశువుల ఎరువు, సున్నం, భాస్వరం మొదలుపెట్టారు. 1955లో రసాయన ఎరువులు తెచ్చారు. అయితే ఏమీ వేయని చెక్క ఒకటి మాత్రం అట్లాగే వదిలేశారు. నూటయాభై ఏళ్లుగా ఎరువన్నది ఎరుగని నేల అది.

మక్క మీద మక్క వేసి ఏ ఎరువూ ఇవ్వని చెక్కలో పంట అన్నింటికంటే దిగజారింది. పప్పుజాతి పైరుతో మార్పిడి చేసిన చెక్క చాలా మేలు. ఇదంతా మనకు తెలిసిందే కదా అంటారు. నిజమే, తెలిసిందే. కానీ ఎంత మేలు, ఎన్నో ఏటి నుంచి మేలు, కరువు ఏడు ఎంత, వాన ఏడు ఎంత? అది నోటి మాటతో తేలదు, తూచి రాస్తేనే తేలుతుంది.

ఈ మడుల మీద వాళ్లకు ఎంత గౌరవమో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. పక్కనే విద్యార్థులకు పెద్ద లైబ్రరీ కట్టాల్సి వచ్చింది. పైకి కడితే మడుల మీద నీడ పడుతుంది, నీడ పడితే అప్పటిదాకా రాసిన లెక్కకు, ఆ తర్వాత రాసే లెక్కకు పొంతన ఉండదు. అందుకని లైబ్రరీని భూమిలోపలికి కట్టారు! 1969లో తెరిచారు. మన దగ్గరైతే మడులే ఇంకో చోటికి పోయేవేమో.

కోశారు, తూచారు, కాగితం ఏది?

1876లో మొదలైన ప్రయోగానికి ఇవాళ అందరికీ అందుబాటులో ఉన్న దిగుబడి లెక్క 1888 నుంచే ఉంది. మొదటి పన్నెండేళ్లు లేవు. పంట పండింది, కోశారు, దున్నారు, మళ్లీ వేశారు. ఆ పన్నెండేళ్ల అంకెల కోసం ఇప్పుడు ఎంత డబ్బు పోసినా నేల చెప్పదు.

మిగిలిన నూట ముప్పై ఏళ్ల లెక్కనైనా ఒక దారికి తేవాలని ఆ విశ్వవిద్యాలయంలో ఒక బృందం కూర్చుంది. మట్టి శాస్త్రవేత్తలతో పాటు లైబ్రరీ వాళ్లూ అందులో ఉన్నారు. ఇది గమనించాలి. అంకెలు పండించేది శాస్త్రవేత్త, కానీ దాచడం ఎట్లాగో తెలిసింది లైబ్రరీ మనిషికి. 1888 నుంచి 2019 వరకు మడి మడికీ, చెక్క చెక్కకూ ఏ పంట, ఏ రకం, ఏ ఎరువు, ఎంత దిగుబడి అన్నది ఒకే పట్టికగా కూర్చి 2022లో విశ్వవిద్యాలయం తరఫున బయటపెట్టారు. ఎవరైనా, ఏ దేశం వాళ్లయినా, పైసా కట్టకుండా చూసుకోవచ్చు.

కూర్చడం అంటే కాపీ కొట్టడమే కదా అనుకుంటే పొరపాటు. ఒక మడిని నడుమ చీల్చితే పాత పేరు ఏ ముక్కది? రకం మారిన ఏడు దిగుబడి పెరిగితే అది ఎరువు గొప్పా, విత్తనం గొప్పా? వాళ్ల కొలత బుషెలు. మక్క బుషెలంటే 25 కిలోల 400 గ్రాములు. గోధుమకో లెక్క, ఓట్లకో లెక్క.

ఈ చిక్కు మనకు కొత్తది కాదు. ఎకరాకు 30 బస్తాలు పండిందని మీ తాత డైరీలో ఉందనుకోండి. ఏ బస్తా? 75 కిలోలదా, 50 కిలోలదా? పచ్చి వడ్లా, ఎండినవా? నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు, ఇంకో జిల్లాలో పుట్టి అంటే ఇంకేదో. మన దగ్గర ఎకరం 40 గుంటలు, కోస్తాలో 100 సెంట్లు. రాసిన మనిషి ఉన్నన్నాళ్లు అడిగి తెలుసుకోవచ్చు. ఆయన పోయాక ఆ 30 అన్న అంకె ఉన్నా లేనట్టే.

అందుకే అంకెల పట్టిక పక్కన ఇంకో కాగితం తప్పనిసరి అంటారు తెలిసినవాళ్లు. ఏ గడిలో ఏముంది, ఏ కొలత, ఎవరు తూచారు, ఏ ఏడు ఏది మారింది, ఏది అనుమానం, ఖాళీ గడి అంటే పంట పోయిందా లేక రాయడం మరిచారా, ఇవన్నీ చెప్పే కాగితం. నా మట్టుకు నాకు పట్టిక కంటే ఈ కాగితమే విలువైనది అనిపిస్తుంది. పంట పోయి సున్నా రావడం ఒకటి, రాయక సున్నా ఉండటం ఒకటి. రెండూ ఒకే గాటన కడితే సగటు మొత్తం తారుమారు.

సీసాలో మట్టి

అంకెలే కాదు, ఆ మడుల నుంచి ఎప్పటికప్పుడు తీసిన మట్టిని కూడా ఎండబెట్టి దాచారు. 2007లో అదే విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఆ పాత మట్టినీ కొత్త మట్టినీ పరీక్షించి ఒక మాట చెప్పారు. యాభై ఏళ్ల పాటు రసాయన నత్రజని వేసి, మక్క చొప్పంతా నేలలోనే కలిపినా సేంద్రియ కర్బనం పెరగలేదు సరికదా, తగ్గిందని. దాంతో పెద్ద దుమారం లేచింది. అది సరికాదు, నత్రజని వేయకపోతే ఇంకా ఎక్కువ తగ్గేదని వేరే శాస్త్రవేత్తలు ఎదురు వాదించారు. ఎవరి మాట ఎంత నిజమో తేల్చడం మన పని కాదు. కానీ ఆ వాదన నడిచింది దేని మీద? దాచిన మట్టి మీద, రాసిన అంకెల మీద. అవి లేకుంటే ఎవరి గొంతు పెద్దదైతే వారిదే గెలుపు.

ఈ విద్యలో అందరికంటే పెద్దన్న ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్. 1843 నుంచి ఒకే పొలంలో గోధుమ వేస్తున్నారు. ఏ ఎరువూ వేయని మడి ఇన్నేళ్ల తర్వాత కూడా హెక్టారుకు ఒక టన్ను దాకా, అంటే ఎకరాకు నాలుగు క్వింటాళ్లు ఇస్తుంది. నేలతల్లి ఓర్పు అంత. అక్కడి గోదాములో గింజ, గడ్డి, మట్టి నమూనాలు 3 లక్షలకు పైగా ఉన్నాయి. యుద్ధకాలంలో సీసాలు దొరక్క పాలపొడి డబ్బాల్లో, కాఫీ డబ్బాల్లో పోసి దాచారు. నవ్వుకోకండి. ఆ డబ్బాల పుణ్యమా అని 2008లో ఒక సంగతి బయటపడింది. 1960ల నడుమ దాకా గోధుమ గింజలో జింకు, ఇనుము, రాగి స్థిరంగా ఉండి, పొట్టి రకాలు వచ్చాక తగ్గాయని. నేలలో తగ్గలేదు, గింజలో తగ్గింది. నమూనాలు దాచినవాళ్లు ఇందుకని దాచలేదు. వాళ్లకు ఈ ప్రశ్నే తెలియదు.

అక్కడే ఇంకో ముచ్చట. డెబ్బయి ఏళ్లకు పైగా అంకెలు గుట్టలుగా పేరుకుపోతే, వాటిలో సారం ఏమన్నా ఉందేమో చూడమని 1919లో ఫిషర్ అనే కుర్ర గణితవేత్తను కుదుర్చుకున్నారు. ఇవాళ ప్రపంచంలో ఏ పరిశోధన స్థానంలోనైనా మడులను చీటీలు వేసినట్లు కలగలిపి కేటాయించే పద్ధతి, తేడా నిజమైనదా గాలివాటమా అని తేల్చే లెక్క, ఇవన్నీ ఆయన ఆ పాత పుస్తకాల ముందు కూర్చున్నాక వచ్చినవే.

మన పొలాసలో

మన దగ్గర ఇలాంటివి లేవా అంటే ఉన్నాయి. కోయంబత్తూరులో 1909 నుంచి శాశ్వత ఎరువుల ప్రయోగం ఉంది. 1970లో భారత వ్యవసాయ పరిశోధన మండలి దేశం మొత్తం మీద దీర్ఘకాల ఎరువుల ప్రయోగాలు మొదలుపెట్టింది. వాటిలో హైదరాబాదు ఉంది, పంత్‌నగర్ ఉంది, జబల్‌పూర్ ఉంది. పంత్‌నగర్, జబల్‌పూర్ విశ్వవిద్యాలయాలు పెట్టేటప్పుడు సాయం చేసింది పైన చెప్పుకున్న ఇల్లినాయి విశ్వవిద్యాలయమే. మన రాజేంద్రనగర్‌కు సాయం చేసింది కాన్సస్ వాళ్లు.

పొలాసలోని జగిత్యాల పరిశోధన స్థానంలో 2000-01 నుంచి వరి వెనక వరి వేసి ఈ ప్రయోగం నడుపుతున్నారు. ఒక మడికి ఏమీ లేదు. ఒక మడికి వట్టి నత్రజని. ఒక దానికి నత్రజని, భాస్వరం. ఒక దానికి మూడూ. ఒక దానికి మూడూ సగం మోతాదు, ఒక దానికి ఒకటిన్నర రెట్లు. ఒక దానికి మూడింటితో పాటు పశువుల ఎరువు. ఏటా అదే మడికి అదే. మీరు ఎప్పుడైనా పొలాస వెళ్తే అడిగి ఆ మడులు చూడండి. కిసాన్ మేళా నాడు స్టాళ్ల దగ్గర తిరిగే టైములో ఒక అరగంట అటు నడిస్తే చాలు.

దేశంలో ఈ ప్రయోగాలన్నీ కలిపి చెప్పే మాట ఒకటుంది. వట్టి యూరియా మడి మొదట్లో బాగానే ఉంటుంది. పచ్చగా, ఏపుగా, పక్క మడికి తీసిపోకుండా. ఏళ్లు గడిచే కొద్దీ జారుతుంది. మూడు పోషకాలతో పాటు పెంట పడ్డ మడి నిలబడుతుంది. రెండు మూడు ఏళ్ల ప్రయోగంలో ఈ తేడా కనిపించకపోవచ్చు. అప్పుడే ఆపేసి ఉంటే యూరియా చాలు అని రాసేవాళ్లు. లెక్క తెగకుండా సాగింది గనకనే అసలు రంగు బయటపడింది. యూరియా కోసం సొసైటీ ముందు చెప్పుల వరుస పెట్టే మనకు ఇంతకంటే కావలసిన లెక్క ఏముంది?

ఎక్కడ పోతుంది?

పుస్తకాన్ని చెదలు తింటాయి, వాన తడుపుతుంది. అది పాత సంగతి. ఇప్పుడు పోయే తీరు వేరు. సారుకు బదిలీ అవుతుంది, లెక్క ఆయన కంప్యూటరులో ఉండిపోతుంది. రిటైరైతే ఇంటికి పోతుంది. పాత ఫ్లాపీలో దాస్తే ఫ్లాపీ ఉంటుంది గానీ అది చదివే మిషను ఉండదు. విద్యార్థి రెండేళ్లు ఎండలో నిలబడి పిలకలు లెక్కపెట్టి థీసిస్ రాస్తాడు. అందులో సగటులు అచ్చవుతాయి, మడి మడికీ రాసుకున్న అసలు పుస్తకం హాస్టల్ ఖాళీ చేసిన నాడు పాత పేపర్ల వాడికి పోతుంది.

థీసిస్‌ల వరకు మేలు జరిగింది. కృషికోశ్ అనే పేరుతో వ్యవసాయ విశ్వవిద్యాలయాల థీసిస్‌లను కంప్యూటరుకు ఎక్కిస్తున్నారు. పరిశోధన మండలి కూడా ఫలితాలు అందరికీ అందాలని 2013లో విధానం పెట్టుకుంది. అమెరికాలో జాతీయ సైన్స్ ఫౌండేషన్ ఇంకో అడుగు ముందుకు వేసింది. 2011 నుంచి, ప్రాజెక్టుకు డబ్బు అడిగే ప్రతి శాస్త్రవేత్తా ఆ అంకెలను ఎట్లా దాస్తాడో, ఎవరికి ఎట్లా అందిస్తాడో రెండు పేజీలకు మించకుండా ముందే రాసివ్వాలి. అది లేకుంటే దరఖాస్తే తీసుకోరు. పశువును కొనక ముందే కొట్టం చూపించమన్నట్లు. ఇది మంచి పద్ధతి. ఇక్కడ కూడా ప్రతి ప్రాజెక్టుకూ పెడితే తప్పేమీ లేదని నా అభిప్రాయం.

2014లో రాష్ట్రంతో పాటు వ్యవసాయ విశ్వవిద్యాలయమూ రెండయింది. భవనాలు, భూములు, సిబ్బంది పంపకాల గురించి పేపర్లలో చాలా వచ్చింది. ఉమ్మడిగా ఉన్న యాభై ఏళ్ల ప్రయోగాల పుస్తకాలు రెండు చోట్లా రెండు కాపీలు ఉండాలని రైతు సంఘాలు కూడా అడగవలసిన మాటే. అన్నదమ్ములు వేరుపడితే దస్తావేజు నకలు ఇద్దరి దగ్గరా ఉంటుంది గదా.

మొదటి అంకె మన చేతిలోనే

ఇక మన వంతు చూద్దాం. మినీకిట్ అని కొత్త రకం విత్తనం ఇచ్చి మీ పొలంలో వేసి చూడమంటారు. కోత అయ్యాక ఎంత వచ్చిందంటే, మంచిగనే వచ్చింది సార్ అంటాం. సారు అందాజాగా ఒక అంకె వేసుకుంటాడు. ఆ అందాజా అంకె వరంగల్ దాటి హైదరాబాదు పోయి, ఆ రకం విడుదల చేయాలా వద్దా అనే కాగితంలో కూర్చుంటుంది. రేపు ఆ విత్తనం కొనేది మళ్లీ మనమే. అందుకని మినీకిట్ మడి వడ్లను కుప్పలో కలపకండి. వేరే నూర్చి, వేరే తూచి, ఎన్ని గుంటల్లో ఎన్ని కిలోలో రాసివ్వండి. బాగా రాకపోతే రాలేదనే రాయండి. ఫలితం ఏమైందో మాకూ చెప్పండి అని అడగండి. మీ పొలం, మీ నీళ్లు, మీ కష్టం పెట్టారు. అడిగే హక్కుంది.

పంట కోత ప్రయోగమని వచ్చి వరిలో 5 మీటర్లకు 5 మీటర్ల చదరం గీసి కోసి తూస్తారు, చూసే ఉంటారు. అంటే 25 చదరపు మీటర్లు. ఎకరం అంతకు దాదాపు 162 రెట్లు. ఆ చిన్న చదరంలో ఒక్క కిలో తేడా వస్తే ఎకరా లెక్కలో 162 కిలోల తేడా, అంటే రెండు బస్తాల పైన. గట్టు పక్కన బలంగా ఉన్న చోటో, నడుమ పలచగా ఉన్న చోటో ఏరి గీయకుండా, పద్ధతి ప్రకారం పడ్డ చోటే గీయనివ్వండి. తూకం దగ్గర నిలబడి చూడండి.

ఇంట్లో ఒక నోటుబుక్కు పెట్టండి. సర్వే నంబరు వారీగా ఒక్కో పేజీ చాలు. విత్తిన తేదీ, రకం, సంచి మీది లాట్ నంబరు, ఏ ఎరువు ఎన్ని కిలోలు ఏ రోజు, ఎన్ని కిలోలు పండింది. బస్తాలని రాస్తే బస్తా ఎన్ని కిలోలో మొదటి పేజీలోనే రాయండి. తప్పు పడితే రబ్బరుతో చెరపకండి, అడ్డగీత కొట్టి పక్కన రాయండి. చదువుకుంటున్న బిడ్డ ఉంటే ఆమెకు అప్పగించండి, మనకంటే శ్రద్ధగా రాస్తుంది. ఉగాదికి ఉగాదికి ఆ పేజీలు ఫోనులో ఫొటో తీసి ఇంకొకరి ఫోనుకు కూడా పంపండి. ఒకే చోట ఉన్నది ఎప్పటికైనా పోయేదే.

2015లో మొదలైన భూసార కార్డులు చాలా ఇళ్లలో ఎక్కడున్నాయో తెలియదు. వెతికి తీయండి. అందులో పన్నెండు పరీక్షల ఫలితాలుంటాయి. కొత్త కార్డు వచ్చిందని పాతది పారేయొద్దు, రెండూ ఒకే కవరులో పెట్టండి. సేంద్రియ కర్బనం అన్న గడి ఒక్కటే పోల్చి చూసినా మీ నేల ఎటు పోతుందో తెలుస్తుంది.

యాసంగి కోతలు అయ్యాక, ఎండాకాలం దుక్కి దున్నక ముందు మట్టి తీయడానికి మంచి అదను. పొలంలో అక్కడక్కడా పది పదిహేను చోట్ల ఇంగ్లీషు వి ఆకారంలో జానెడు లోతు తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అరకిలో మిగల్చండి. నీడలో ఆరబెట్టండి. పెంట కుప్ప దగ్గర, గట్ల మీద, చెట్ల కింద తీయకండి. పేరు, ఊరు, సర్వే నంబరు, తేదీ, పోయిన పంట, వేయబోయే పంట రెండు చీటీల మీద రాయండి. పెన్నుతో కాదు, పెన్సిలుతో. తడి తగిలితే సిరా పోతుంది, పెన్సిలు పోదు. ఒక చీటీ సంచి లోపల, ఒకటి బయట కట్టండి. ఇంకో అరకిలో అదే మట్టిని ఎండబెట్టి మూత గట్టి డబ్బాలో పోసి, అదే చీటీ వేసి అటక మీద పెట్టుకోండి. పాలపొడి డబ్బా అయినా సరే.